ఆటలో అరటిపండు: మారియో కార్ట్ ఆటల్లో వెనుకబడినవారి స్థానం

వ్యాససంగ్రహం:
జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1992 నుంచి వెలువరిస్తున్న ‘మారియో కార్ట్’ వీడియో ఆటల్లో, పందెంలో వెనుకబడిన ఆటగాడికి ఆట నియమాలే సాయం చేస్తాయి. ముందున్నవాడిని అదే నియమాలు నిలువరిస్తాయి. ఈ ఏర్పాటును తెలుగు పిల్లల ఆటల్లోని ‘అరటిపండు’ సంప్రదాయంతో పోల్చి, బలహీనుడిని ఆటలో ఉంచుకోవడానికి రెండూ ఎంచుకున్న మార్గాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ సాయం స్వభావం 1992 నుంచి 2025 వరకు ఎలా మారుతూ వచ్చిందో కూడా ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: మారియో కార్ట్, పిల్లల ఆటలు, అరటిపండు, తొండి, అశ్వహృదయం, అక్షహృదయం, నలోపాఖ్యానం.

1. ఉపోద్ఘాతం

ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ, జాతీయ రహదారినీ రైలుమార్గాన్నీ ఆనుకొని ఉన్న ఊరు భీమడోలు. దానికి దక్షిణంగా కొల్లేటి పల్లం మొదలవుతుంది. పొలంగట్ల మీదా కాలువగట్ల మీదా తాటిచెట్లున్న ఇటువంటి ప్రాంతాల్లో ఎండాకాలం పిల్లలకు పందెపు బండ్ల కాలం. ముంజలు తినేసిన రెండు తాటికాయలను చక్రాలుగా చేసుకొని, వాటి నడుమ ఇరుసుగా ఒక పుల్ల గుచ్చి, ఆ పుల్లను పంగలకర్రతో తోసుకుంటూ పరుగెత్తితే అదే బండి. దానికి పైసా ఖర్చు లేదు. కాయ ఎండి పగిలేదాకా నడుస్తుంది, పగిలితే మర్నాడు మరో రెండు కాయలు దొరుకుతాయి. ఇద్దరు పిల్లలు, రెండు బండ్లు ఉంటే పందెం దానంతటదే మొదలవుతుంది.

ఇటువంటి ఏ పందెంలోనైనా, ఏ ఆటలోనైనా ఒక చిక్కు వస్తుంది. పెద్దపిల్లల వెంట పడి వచ్చే తమ్ముడో చెల్లెలో ఉంటారు. వారిని ఆడనివ్వకపోతే ఏడుస్తారు, ఆడనిస్తే ఆట చెడుతుంది. ఈ చిక్కుకు తెలుగు పిల్లలు కనిపెట్టిన పరిష్కారం పేరు ‘అరటిపండు’. అరటిపండుగా చేరిన పిల్లవాడు అందరితో పాటు పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, అరుస్తాడు. అతడిని పట్టుకున్నా దొంగ కాడు, అతడు ఎవరినైనా ముట్టుకున్నా వారు ఔట్ కారు. ఆటలో ఉంటాడు గానీ లెక్కలో ఉండడు. ఈ మాట పెద్దల వ్యవహారంలోకి వచ్చేసరికి కొంత చేదెక్కింది. ఏ సభలోనో సంఘంలోనో పేరుకు మాత్రం ఉండి, మాట చెల్లనివాడిని ‘ఆటలో అరటిపండు’ అంటున్నారు. పిల్లల దగ్గర మాత్రం అది వెక్కిరింత కాదు, అనుమతి. అయితే ఆ అనుమతి పొందినవాడు ఎన్నటికీ గెలవలేడు. ఆరేడేళ్ళు వచ్చేసరికి ఆ సంగతి అతడికీ తెలుస్తుంది. అప్పటినుంచి ‘నేను అరటిపండును కాను’ అని పోట్లాట మొదలవుతుంది.

బలహీనుడిని లెక్కలో ఉంచుతూనే ఆట చెడకుండా ఆడటం సాధ్యమేనా? ఈ ప్రశ్నకు దీర్ఘకాలంగా, పదేపదే, ఒక్కోసారి తప్పుగా కూడా సమాధానం వెతుకుతూ వస్తున్న కృతిగా మారియో కార్ట్‌ను చదవవచ్చు.

2. ఒకే తెర, ఇద్దరు ఆటగాళ్ళు

నింటెండో 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు తయారుచేసే సంస్థగా మొదలైంది. 1990లో అది ‘ఎఫ్-జీరో’ అనే వేగవంతమైన పందెపు వీడియో ఆటను విడుదల చేసింది. అది ఒక్కరే ఆడే ఆట. దాన్ని ఇద్దరు పక్కపక్కన కూర్చొని ఆడేలా చేయాలన్న ప్రయత్నం నుంచి ‘సూపర్ మారియో కార్ట్’ పుట్టింది. షిగెరు మియమోతో నిర్మాతగా, తదాషి సుగియామా, హిదెకి కొన్నో దర్శకులుగా రూపొందిన ఈ ఆట 1992 ఆగస్టు 27న జపాన్‌లో వెలువడింది. తెరను అడ్డంగా రెండు భాగాలు చేసి ఇద్దరికీ చూపించాలంటే, ఎఫ్-జీరోలోని సుదీర్ఘమైన దారులనూ ఆ వేగాన్నీ ఆనాటి యంత్రం మోయలేకపోయింది. అందువల్ల దారులు చిన్నవై, మలుపులు దగ్గరపడ్డాయి. చిన్న దారులకు తగినట్లు పైకప్పు లేని బుల్లి బండ్లు, అంటే కార్ట్‌లు వచ్చాయి. రెండో మనిషికి చోటు కల్పించడం కోసమే బండి చిన్నదైందన్నమాట. ఈ ఆటల పరంపరను అర్థం చేసుకోవడానికి ఇది కీలకమైన విషయం. ఇక్కడ వేగం కన్నా తోడు ముందు పుట్టింది.

తెలుగు పిల్లలకు ఆనాడు ఈ తోడు అందలేదు. 1990లలో మన పట్టణాల్లోని ఇళ్ళకు చేరినవి ఎక్కువగా నింటెండో వారి పాత ఎనిమిది బిట్ల యంత్రానికి నకళ్ళు. సూపర్ మారియో కార్ట్ పదహారు బిట్ల యంత్రానికి చేసిన ఆట కనుక ఆ నకళ్ళ మీద అది నడవదు. అందువల్ల మీసాల మారియో ఇక్కడి పిల్లలకు బాగా తెలిసినా, అతడి బండి తెలియదు. వారికి తెలిసిన పందెం ‘రోడ్ ఫైటర్’. కొనామి సంస్థ 1984లో చేసిన ఆ ఆటలో ఎర్రకారు నడిపే ఒక్క ఆటగాడే ఉంటాడు. అడ్డువచ్చే బండ్లను తప్పించుకుంటూ, పెట్రోలు అయిపోకముందే గమ్యం చేరాలి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరు ఆడుతుంటే రెండోవారు తమ వంతు కోసం కూర్చోవాలి. అక్కడ వెనుకబడటం అన్నమాటకే అర్థం లేదు, పక్కన మరో మనిషి పరుగెత్తడం లేదు కనుక. అందుకే వెనుకబడినవాడిని ఏం చేయాలన్న ప్రశ్న కూడా ఆ ఆటకు తట్టలేదు.

3. అశ్వహృదయం, అక్షహృదయం

మారియో కార్ట్ పందెపు దారిలో అక్కడక్కడా ప్రశ్నార్థకం గుర్తున్న పెట్టెలు ఉంటాయి (1992 నాటి తొలి ఆటలో ఇవి నేలమీది ఫలకాలు). బండి వాటిని తాకితే ఏదో ఒక వస్తువు చేతికి వస్తుంది. అరటితొక్కను దారిలో పారేస్తే వెనుక వచ్చే బండి జారి గిర్రున తిరుగుతుంది. ఆకుపచ్చ తాబేటిచిప్ప విసిరిన దిక్కుకు సూటిగా పోతుంది, ఎర్రచిప్ప ముందున్నవాడిని వెంటాడి కొడుతుంది. పుట్టగొడుగు కాసేపు వేగాన్నిస్తుంది. నక్షత్రం దొరికినవాడికి కాసేపు ఏ దెబ్బా తగలదు. మెరుపు మిగిలిన అందరినీ ఒక్కసారిగా చిట్టివాళ్ళను చేస్తుంది.

ఏది ఎవరికి వస్తుందన్నది పాచికల వ్యవహారంలా కనిపిస్తుంది గానీ పూర్తిగా కాదు. మొదటిస్థానంలో ఉన్నవాడికి అరటితొక్కలు, ఆకుపచ్చ చిప్పలు, తరువాతి ఆటల్లో బంగారు నాణేలు వస్తాయి. ఆఖరున ఉన్నవాడికి నక్షత్రం, మెరుపు వస్తాయి. 2005 నాటి ‘మారియో కార్ట్ డీఎస్’ నుంచి ‘బుల్లెట్ బిల్’ కూడా వస్తుంది. అది ఆటగాడిని తుపాకిగుండుగా మార్చి, అతడు చక్రం తిప్పనవసరం లేకుండానే బారులు దాటిస్తూ ముందుకు తీసుకుపోతుంది. ‘మారియో కార్ట్ 8’లో మొదటివాడికీ తనకూ మధ్య ఎంత దూరముందన్నది కూడా లెక్కలోకి వచ్చింది. పాచిక వేసేది ఆటే, అయితే ఆ పాచిక ఒకవైపు బరువుగా ఉంటుంది.

మన వాఙ్మయంలో రథచోదనమూ అక్షవిద్యా ఒకే బండి మీద కలిసిన సందర్భం ఉంది. నన్నయ ఆంధ్రీకరించిన అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో, జూదంలో రాజ్యం కోల్పోయిన నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉంటాడు. దమయంతి పునఃస్వయంవరమనే వార్త విని విదర్భకు రథం పరుగెత్తిస్తున్న ఆ ప్రయాణంలోనే, చెట్టు కాయలనూ ఆకులనూ చూపుతోనే లెక్కించగలిగిన ఋతుపర్ణుడు నలుడికి అక్షహృదయాన్ని ఇస్తాడు. నలుడు బదులుగా అశ్వహృదయాన్ని ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. గుర్రాల గుండె తెలిసినవాడికి పాచికల గుండె తెలియకపోవడమే నలుడి కష్టానికి మూలమని ఆ కథను చదవవచ్చు. మారియో కార్ట్ ప్రతి ఆటగాడినుంచీ ఈ రెండు విద్యలనూ కోరుతుంది. మలుపులో బండిని జారించి వేగం రాబట్టడం అశ్వహృదయం. ఏ వస్తువును ఎప్పుడు వదలాలి, దేన్ని చేతిలోనే ఉంచుకోవాలి అన్నది అక్షహృదయం. మొదటిస్థానంలో ఉన్నవాడు అరటితొక్కను పారేయకుండా బండి వెనుక పట్టుకొని నడిపితే, వెంటాడి వచ్చే ఎర్రచిప్ప దానికి తగిలి ఆగిపోతుంది. ఆ తొక్క అక్కడ డాలుగా మారుతుంది.

ఫ్రెంచి పండితుడు రోజే కైవా 1958లో ఆటలను వర్గీకరిస్తూ పోటీ, అదృష్టం, అనుకరణ, తలతిరుగుడు అనే నాలుగు మూలాలను చెప్పాడు. పోటీ ఆటల్లో ఆరంభంలో అందరికీ సమాన అవకాశం ఉండాలి కనుకనే బలవంతుడి మీద కొంత భారం మోపుతారని ఆయన గుర్తించాడు. పరుగుపందెంలో చిన్నవాడిని నాలుగడుగులు ముందు నిలబెట్టడం ఇటువంటిదే. అయితే ఆ నాలుగడుగులు పందేనికి ముందే, మనిషిని చూసి ఇచ్చేవి. ‘నువ్వు చిన్నవాడివి’ అన్న తీర్పు వాటిలో ఉంటుంది. మారియో కార్ట్ పెట్టె ఆటగాడు ఎవరని అడగదు, ఎక్కడ ఉన్నాడని మాత్రమే అడుగుతుంది. నిరుడు గెలిచినవాడైనా ఈ క్షణాన ఎనిమిదో స్థానంలో ఉంటే అతడికి నక్షత్రం రావచ్చు. నిన్ననే ఆట నేర్చుకున్న పాప ఈ క్షణాన ముందుంటే ఆమెకు అరటితొక్కే దక్కుతుంది. అరటిపండు అన్నది మనిషికి తగిలించే పేరు, ఇది స్థానానికి అందే సాయం. ఈ పరంపర సాధించిన అసలైన విజయం ఇక్కడే ఉంది.

తెలుగునాట పెద్దలూ పిల్లలూ కలిసి ఆడే అష్టాచెమ్మాలో నడక దీనికి పూర్తిగా ఎదురు. అష్ట పడినా చెమ్మ పడినా మరోసారి గవ్వలు వేయవచ్చు, ఎదుటివారి కాయను చంపితే మరో పందెం వస్తుంది. కలిసొచ్చినవాడికే మళ్ళీ కలిసొస్తుంది. ఆ ఆట నిర్దాక్షిణ్యమైనదే అయినా దాన్ని ఎవరూ అన్యాయమనరు. వైకుంఠపాళి మరో దారి. అందులో నైపుణ్యానికి తావే లేదు కనుక బలహీనులూ లేరు.

4. నీలిచిప్ప తొండి ఆటేనా?

1996 నాటి ‘మారియో కార్ట్ 64’లో నీలిచిప్ప ప్రవేశించింది. వెనుకనున్నవారికి దొరికే ఈ ముళ్ళచిప్ప మొదటిస్థానంలో ఉన్నవాడిని వెతుక్కుంటూ పోయి కొడుతుంది. 2003లో దానికి రెక్కలు కూడా వచ్చాయి. గమ్యానికి పది గజాల దూరంలో దీని దెబ్బ తిన్న ఆటగాడి ఆక్రోశం ఈ ఆట ఆడేవారందరికీ తెలిసినదే. తెలుగు పిల్లవాడైతే ఆ క్షణాన ‘తొండి!’ అని అరుస్తాడు.

తొండి అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఓడిపోవడం తొండి కాదు, దురదృష్టమూ తొండి కాదు. అందరూ ఒప్పుకున్న నియమాన్ని ఒకరు తమకోసం మార్చుకుంటే అది తొండి. ఈ అర్థంలో నీలిచిప్ప తొండి కాబోదు. అది అందరికీ ముందే తెలిసిన నియమం, ఎవరు ముందున్నా వారికే తగులుతుంది, ఎవరు వెనుకబడినా వారికే దొరుకుతుంది. నిజానికి తొండి తొలి సూపర్ మారియో కార్ట్‌లోనే ఉంది. అందులో యంత్రం నడిపే పోటీదారులు ఆటగాడిలా ఫలకాల మీద నుంచి వస్తువులు తీసుకోరు. ఎవరి ఆయుధం వారికి ముందే నిర్ణయమై ఉంటుంది, దాన్ని వారు కోరినన్నిసార్లు వాడుతారు. ఆటగాడు ఎంత ముందుకు దూసుకుపోయినా సాగదీసి వదిలిన రబ్బరులా వారు వెనువెంటనే అందుకుంటారు. మనిషికి ఒక నియమం, యంత్రానికి మరొకటి. నీలిచిప్పను తిట్టినంతగా దీన్ని ఎవరూ తిట్టకపోవడం విచిత్రం. బహుశా యంత్రం చేసే తొండికి అలిగి ఆట మానేసే వీలు లేకపోవడం కారణం కావచ్చు.

నీలిచిప్పను తీసేసి పరీక్షించి చూస్తే ఆటలో ఏదో వెలితిగా అనిపించిందని, తరువాతి ఆటలకు సారథ్యం వహించిన కొసుకె యాబుకి ఒక సంభాషణలో చెప్పారు. ఆ వెలితి ఏమిటన్నది ఊహించడం కష్టం కాదు. చివరి మలుపు దాకా మొదటివాడు నిశ్చింతగా ఉండలేకపోవడం వల్లనే చివరివాడికి ఆశ మిగులుతుంది. అయితే ఈ చిప్పలో ఒక లోపం ఉంది, దాన్ని దాచిపెట్టకూడదు. చిట్టచివర ఉన్నవాడు నీలిచిప్ప విసిరితే దాని ఫలం సాధారణంగా అతడికి దక్కదు. రెండో స్థానంలో ఉన్నవాడు మొదటికి వస్తాడు, విసిరినవాడు ఉన్నచోటనే ఉంటాడు. మెరుపూ నక్షత్రమూ అతడిని ముందుకు తెస్తాయి గానీ నీలిచిప్ప ముందున్నవాడిని కిందికి లాగి ఊరుకుంటుంది. సాయానికీ కక్షకూ మధ్య గీత ఇక్కడ చెరిగిపోయింది. 2014 నాటి ‘మారియో కార్ట్ 8’లో నీలిచిప్పను సైతం పగలగొట్టగల బూరను ప్రవేశపెట్టడం రూపకర్తలు కూడా ఈ లోపాన్ని గమనించారనడానికి సూచన.

మరో చిక్కు నేర్పరుల వల్ల వచ్చింది. స్థానానికే సాయం అందుతుందని తెలిసినవారు కావాలని వెనుకబడి, మంచి వస్తువులు కూడబెట్టుకొని, చివరి చుట్టులో ఒక్కసారిగా దూసుకువస్తారు. అంతర్జాలంలో జరిగే పోటీల్లో ఇది ఒక పేరున్న వ్యూహం. బీదవాడి వేషం వేసి సత్రంలో భోంచేసే సంపన్నుడిని పోలిన ఈ పద్ధతిని నియమం ఆపలేదు, ఎందుకంటే ఎవరని అడగకపోవడమే ఆ నియమం గొప్పదనం.

5. సారథి వెనుక కూర్చున్నవాడు

ఈ పరంపరలో వెనుకబడినవారి గురించి అత్యంత లోతుగా ఆలోచించిన ఆట 2003 నాటి ‘మారియో కార్ట్: డబుల్ డాష్’ అని చెప్పాలి. ఇందులో ప్రతి బండి మీదా ఇద్దరుంటారు. ముందున్నవాడు నడుపుతాడు, వెనుకనున్నవాడు వస్తువులను పట్టుకొని విసురుతాడు. ఇద్దరు మనుషులు ఒకే బండిని పంచుకొని ఆడవచ్చు. నల ఋతుపర్ణుల రథంలా, అశ్వహృదయం ఒకరిదీ అక్షహృదయం మరొకరిదీ అవుతుంది. బండి తిప్పడం రాని పిల్లవాడు వెనుక నిలబడి, అన్న నడుపుతుండగా చిప్పలు విసురుతాడు. అతడు గురి తప్పితే బండి ఓడుతుంది, గురి తగిలితే గెలుస్తుంది. అతడు పూర్తిగా లెక్కలో ఉన్నాడు. అతడి చేతగానితనానికి మినహాయింపు ఇవ్వకుండా, అతడికి చేతనైన పనిని వెతికి ఇచ్చిన ఏర్పాటు ఇది. సైకిలు క్యారేజీ మీద కూర్చొని దారి చెబుతూ వచ్చే తమ్ముళ్ళున్న మన ఊళ్ళలో ఈ పద్ధతి ఎవరికీ వింతగా తోచదు. నింటెండో మాత్రం తరువాతి ప్రధాన ఆటల్లో దీన్ని కొనసాగించలేదు.

2017 నాటి ‘మారియో కార్ట్ 8 డీలక్స్’ ఎంచుకున్న దారి వేరు. అందులోని ‘స్మార్ట్ స్టీరింగ్’ బండిని దారి తప్పనివ్వదు, కాలువలోనో అగాధంలోనో పడనివ్వదు. మరో ఏర్పాటు మీట నొక్కకపోయినా బండిని నడిపిస్తుంది. మూడేళ్ళ పిల్లలు, చేతులు సరిగా పనిచేయనివారు కూడా పందెం పూర్తిచేయగలుగుతున్నారంటే ఇది చిన్న మేలు కాదు. అయితే ఈ సాయం తీసుకున్న బండి వెనుక ఒక చిన్న యాంటెన్నా మొలుస్తుంది. కొన్ని అడ్డదారులు దానికి మూసుకుపోతాయి, మలుపుల్లో దొరికే అత్యధిక వేగం అందదు. సాయం మళ్ళీ స్థానాన్ని వదిలి మనిషిని పట్టుకుంది. అరటిపండు తిరిగి వచ్చింది, ఈసారి గుర్తుతో సహా. ఆరు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడై, ఈ పరంపరలోనే అత్యధికంగా ఇళ్ళకు చేరిన ఆట ఇదే కావడం గమనార్హం.

ఫోనులో ఆడేందుకు 2019 సెప్టెంబరు 25న వచ్చిన ‘మారియో కార్ట్ టూర్’ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, కానీ విడిచిపెట్టరాదు. ఇందులో ఒక్కో దారికి ఒక్కో గుంపు పాత్రలు అనుకూలమైనవి. దారికి అత్యంత అనుకూలమైన పాత్ర ఉన్నవాడు ఒక పెట్టెను తాకితే ఒకేసారి మూడు వస్తువులు దొరుకుతాయి. ఆ పాత్రలు తొలినాళ్ళలో ఒక గొట్టం నుంచి లాటరీలా వచ్చేవి, ఆ లాటరీకి కావలసిన కెంపులను డబ్బుతో కొనుక్కోవచ్చు. ఆరంభంలో పక్కన పరుగెత్తే పోటీదారులు మనుషుల పేర్లు తగిలించుకున్న యంత్రపు బొమ్మలే. మనుషులతో కలిసి ఆడే వీలు 2020లో గానీ రాలేదు. గొట్టాన్ని 2022లో తొలగించి దుకాణాన్ని పెట్టారు. పెట్టె అంతవరకు ఆటగాడు ఎక్కడ ఉన్నాడని అడిగేది, ఇక్కడ అతడి దగ్గర ఏముందని అడగడం మొదలుపెట్టింది. పేకముక్కల సంస్థ తన పుట్టింటికి తిరిగి వెళ్ళినట్లనిపిస్తుంది గానీ, పేకాటలో కనీసం ముక్కలు అందరికీ సమానంగా పంచుతారు.

6. ఇరవైనలుగురిలో నలుగురు

2025 జూన్ 5న వెలువడిన ‘మారియో కార్ట్ వరల్డ్’లో ఒకేసారి ఇరవైనాలుగు బండ్లు పందెంలో ఉంటాయి. మొదట ఎనిమిదిగా ఉండి, 2008లో పన్నెండైన సంఖ్య ఇప్పుడు దానికి రెట్టింపైంది. ఇదివరకు దారిపక్కన గడ్డి మేస్తూ కనిపించిన ఆవు కూడా ఇందులో బండెక్కి పోటీకి దిగుతుంది. ఇంతమందికి చోటిచ్చిన ఆటలోనే ‘నాకౌట్ టూర్’ అనే కొత్త పందెం చేరింది. ఊరినుంచి ఊరికి సాగే సుదీర్ఘమైన దారిలో విరామస్థానాలుంటాయి. ఒక్కోదాన్ని దాటేసరికి ఆఖరి నలుగురు ఆటనుంచి తొలగిపోతారు. ఇరవైనలుగురు ఇరవైమందవుతారు, తరువాత పదహారు, పన్నెండు, ఎనిమిది, చివరికి నలుగురు మిగులుతారు.

వెనుకనున్నవారికి నక్షత్రాలూ మెరుపులూ ఇందులోనూ వస్తాయి. కానీ వాటి అర్థం మారింది. పాత పందెంలో మెరుపు దొరికిన చివరివాడు దాన్ని ఎప్పుడు వాడితే ముందుకు పోగలనని ఆలోచించేవాడు. ఇక్కడ ఇరవయ్యో స్థానంలో ఉన్నవాడు ఇరవైఒకటో స్థానానికి జారకుండా ఉండటానికి దాన్ని ఖర్చుచేస్తాడు. చూపు ముందున్న బండి నుంచి వెనుకనున్న గీతకు మళ్ళింది. పందెపు ఉత్కంఠ దీనివల్ల పెరిగిందన్నది నిజమే. ఆఖరి నలుగురి మధ్య జరిగే చివరి భాగం ఈ పరంపరలోని మంచి ఘట్టాల్లో ఒకటి. అయితే మొదటి విరామస్థానంలోనే పోయేవారు సాధారణంగా ఎవరు? ఆట కొత్తవారు, వయసులో చిన్నవారు. నీలిచిప్ప తిన్న నేర్పరి రెండు స్థానాలు కోల్పోయి మళ్ళీ సంపాదించుకుంటాడు. ఏ చిప్పా తగలకుండానే ఇరవైమూడో స్థానంలో ఉన్న పిల్లవాడికి, ఇదివరకటి ఆటలైతే చివరి గీత దాటేదాకా పరుగు ఉండేది. ఇప్పుడు మొదటి విరామస్థానం దగ్గరే అతడి బండి ఆగుతుంది, మిగిలిన ఇరవైమంది పందేన్ని అతడు తెరమీద చూస్తూ కూర్చోవచ్చు.